లోడు ఎత్తే ముందు లారీ జాతకం: ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ రికార్డులు చెక్ చేసుకునే పద్ధతి

ఎనిమిదేళ్ల కిందటి మాట. మిర్యాలగూడలో నేను డిస్పాచ్ చూసే రైస్ మిల్లు నుంచి చెన్నైకి పది టైర్ల లారీలో బియ్యం పంపాం. ఎల్ఆర్ (సరుకు బుక్ చేసినట్టు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే లారీ రసీదు) మీద ట్రాన్స్‌పోర్ట్ పేరు ఎర్ర అక్షరాల్లో ఇంత లావున ఉంది. కింద నాలుగు ఊళ్ల బ్రాంచీల ఫోన్ నంబర్లు. నెల్లూరు దాటాక బండిని ఆపారు. ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు అయిపోయి 43 రోజులైందట. నాలుగు రోజులు బండి కదల్లేదు. మూడో రోజు వాన పడింది. పైన కప్పిన పట్టా చిరిగిన మూల కింద ఉన్న బస్తాలు తడిసి గడ్డకట్టాయి. అవి దించుకోనని చెన్నైలో సరుకు కొన్న పార్టీ మొండికేశాడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇదీ: "సార్, బండి మాది కాదు కదా. మేం బుకింగ్ వరకే."

అప్పటిదాకా నేను చూసింది ఎల్ఆర్ మీది పేరునే. లారీ నంబరును రిజిస్టర్లో రాసుకునేవాణ్ణి తప్ప, దాన్ని ఎక్కడా కొట్టి చూసేవాణ్ణి కాదు. మన దేశంలో ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి భద్రతలో ఇన్ని మార్కులు అని చెప్పే కార్డు ఏదీ జనానికి కనిపించేలా లేదు. కంపెనీ రికార్డు ఒకచోట, బండి రికార్డు ఇంకోచోట, డ్రైవర్ రికార్డు మరోచోట ఉంటాయి. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూడాల్సింది సరుకు పంపేవాడే. ఇప్పుడు నాకు ఆ పనికి ఇరవై నిమిషాలు చాలు. మొదటిసారి చేసేవాళ్లు గంట పెట్టుకోండి.

ముందు అడగాల్సిన ఒక్క ప్రశ్న: బండి ఎవరిది?

ట్రాన్స్‌పోర్ట్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లంతా ఒకటి కాదు. సొంత లారీలు ఉన్న ఓనర్లు కొందరు. నాలుగైదు సొంత బండ్లు, మిగతావి వేరేవాళ్లవైన అటాచ్డ్ బండ్లు నడిపేవాళ్లు కొందరు. ఒక్క లారీ కూడా లేకుండా ఫోను, టేబులు పెట్టుకుని మార్కెట్ బండ్లు (అప్పటికప్పుడు బయట దొరికే లారీలు) పిలిపించే సప్లై ఆఫీసులు చాలా. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి లోడ్లలో పెద్ద భాగం నడిచేదే మార్కెట్ బండ్ల మీద. కానీ మీరు దేన్ని చెక్ చేయాలో ఈ జవాబును బట్టే తేలుతుంది. సొంత బండి అయితే ఆర్సీలో పేరు, ఎల్ఆర్ మీది పేరు ఒకటే ఉండాలి. మార్కెట్ బండి అయితే కంపెనీని ఒకసారి, బండిని ప్రతిసారీ చూడాలి.

ఈ ప్రశ్న కిరాయి మాట్లాడేటప్పుడే అడగండి. లారీ గేటు ముందు నిలబడి హమాలీలు ఎదురుచూస్తున్నప్పుడు అడిగితే మీకే టెన్షన్, ఆ తొందరలో ఏ జవాబైనా సరే అనేస్తాం.

కంపెనీ కాగితాలు

కొత్త ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో మొదటి లోడుకు ముందు నేను వాట్సాప్‌లో నాలుగు అడుగుతాను: పూర్తి పేరు, జీఎస్టీ నంబరు లేదా ట్రాన్స్‌పోర్టర్ ఐడీ, పాన్, కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. చివరిది అడగ్గానే కొందరు "అదేంటి సార్?" అంటారు. దాని సంగతి కిందికి వస్తుంది.

జీఎస్టీ నంబరుతో మొదలుపెట్టండి. పోర్టల్లో లాగిన్ అక్కర్లేకుండానే సెర్చ్ ట్యాక్స్‌పేయర్ అనే చోట 15 అక్షరాల నంబరు కొడితే చాలు. అసలు కొట్టకముందే ఆ నంబరు కొంత చెప్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. ఆ తర్వాతి పది అక్షరాలు వాళ్ల పాన్. పాన్‌లో నాలుగో అక్షరం పీ అయితే అది ఒక మనిషి సొంత వ్యాపారం, ఎఫ్ అయితే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, సీ అయితే కంపెనీ. ఎల్ఆర్ మీద ప్రైవేట్ లిమిటెడ్ అని వేసుకుని నాలుగో అక్షరం పీ ఉంటే, అక్కడే ఆగి అడగాలి.

పేజీ తెరుచుకున్నాక మూడు చూడండి. లీగల్ నేమ్, ట్రేడ్ నేమ్ రెండూ మీకు చెప్పిన పేరుతో కలుస్తున్నాయా. స్టేటస్ యాక్టివ్ అని ఉందా, క్యాన్సిల్ లేదా సస్పెండ్ అయిందా. రిజిస్ట్రేషన్ తేదీ ఎప్పటిది. "ముప్పై ఏళ్ల అనుభవం" అని విజిటింగ్ కార్డు మీద ఉండి రిజిస్ట్రేషన్ నిరుడిది అయితే దానికి మంచి కారణమే ఉండొచ్చు, తండ్రి నుంచి కొడుకు పేరుకు మారి ఉండొచ్చు. పాత పేరు మీద గొడవలై కొత్త పేరుతో బోర్డు తిప్పి ఉండొచ్చు కూడా. అడిగితే జవాబు చెప్పే తీరులోనే సగం తెలుస్తుంది. అదే పేజీలో రిటర్నుల ఫైలింగ్ పట్టిక కూడా ఉంటుంది. నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆ ఆఫీసు నడుస్తున్నట్టో లేదో మీరే ఊహించుకోవచ్చు.

జీఎస్టీ నంబరు లేదన్నంత మాత్రాన దొంగ అనుకోకండి. రివర్స్ ఛార్జి కింద, అంటే పన్ను కిరాయి కట్టేవాళ్లే కట్టే పద్ధతిలో మాత్రమే పనిచేసే ట్రాన్స్‌పోర్టర్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన పని లేదు. అలాంటివాళ్లు ఈ-వే బిల్ (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసుకునే బిల్లు) పోర్టల్లో ఎన్‌రోల్ అయి 15 అక్షరాల ట్రాన్స్‌పోర్టర్ ఐడీ తీసుకుంటారు. ఆ పోర్టల్లోనే సెర్చ్ కింద ట్రాన్స్‌పోర్టర్స్ అని ఉంటుంది, ఐడీ కొడితే పేరు వస్తుంది. రెండూ లేవంటే మాత్రం నేను ముందుకు పోను.

ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ అయితే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా చూడండి. ఎప్పుడు పుట్టింది, యాక్టివ్‌గా ఉందా, స్ట్రైక్ ఆఫ్ అయిందా (రిజిస్టర్ నుంచి కొట్టేశారా) అన్నవి చాలు.

ఇక కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్. క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది, దాని రూల్స్ 2011లో. ఇతరుల సరుకును కిరాయికి మోసే వ్యాపారం చేసేవాళ్లు రవాణా శాఖ దగ్గర ఈ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇది పదేళ్లు చెల్లుతుంది. అసలు విషయం ఏంటంటే, ఈ చట్టం లెక్కలో కామన్ క్యారియర్ అంటే లారీ ఓనరే కాదు, గూడ్స్ బుకింగ్ కంపెనీ, ఏజెంట్, బ్రోకర్ కూడా. అంటే "మేం బుకింగ్ వరకే" అన్న మాటకు చట్టంలో అంత బలం లేదు. నాకు ఇది తెలిసేనాటికి తడిసిన బియ్యం కోళ్ల దాణాకు పోయింది. సర్టిఫికెట్ కాపీ తీసుకుని తేదీ, అడ్రసు చూడండి. అనుమానం ఉంటే అది ఇచ్చిన ఉప రవాణా కమిషనర్ ఆఫీసులో నంబరు చెప్పి అడగొచ్చు. వాళ్లు పట్టించుకోకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఏడాది కాంట్రాక్టు ఇచ్చేవాళ్లకు ఈ శ్రమ దండగ కాదు.

ఐబీఏ అప్రూవ్డ్ అనే ముద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ కొందరు ట్రాన్స్‌పోర్టర్లను బ్యాంకులకు సిఫార్సు చేస్తుంది, వాళ్ల ఎల్ఆర్‌లను బ్యాంకులు ఒప్పుకుంటాయి. అది బ్యాంకుల లావాదేవీకి సంబంధించిన సిఫార్సు, బండ్లు భద్రంగా నడుపుతారని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. పైగా ఇల్లు మారేవాళ్ల కోసం ప్యాకర్స్ అండ్ మూవర్స్ అని బోర్డు పెట్టిన చాలామంది ఆ మూడక్షరాలను ఊరికే వేసుకుంటారు. నిజంగా ఉంటే కోడ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. అవి అడగండి.

ప్రమాదాల చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

సూటిగా ఎక్కడా దొరకదు. ప్రమాదాల వివరాలు పోలీసులు ఐరాడ్, ఈ-డార్ అనే వ్యవస్థల్లో ఎక్కిస్తారు. అవి పోలీసులకు, రవాణా శాఖకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు, కోర్టులకు పనికొచ్చేవి. మనలాంటివాళ్లం పేరు కొట్టి చూసే వీలు లేదు.

కానీ ఒక పక్కదారి ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు నష్టపరిహారం కోసం మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌కు వెళ్తారు. మన రెండు రాష్ట్రాల్లో వాటిని ఎంవీఓపీ అంటారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేస్ స్టేటస్, అందులో పార్టీ నేమ్ ఎంచుకుని, రాష్ట్రం, జిల్లా, కోర్టు, సంవత్సరం ఇచ్చి పేరు కొడితే కేసుల జాబితా వస్తుంది. ఓపిక కావాలి. ఒక్కో కోర్టు, ఒక్కో ఏడాది విడివిడిగా చూడాలి. ఇంటిపేరు ముందా వెనకా అని రెండు రకాలుగా కొట్టాలి. ఇక్కడ ప్రతివాదిగా ఉండేది ఆర్సీలో ఉన్న ఓనరు, ఇన్సూరెన్స్ కంపెనీ. బుకింగ్ ఆఫీసు పేరు కొడితే ఏమీ రాదు. కేసు ఉన్నంత మాత్రాన తప్పు వాళ్లదే అనీ కాదు. ముప్పై లారీలున్నవాడికి రెండు కేసులుంటే నేను పట్టించుకోను. రెండు లారీలవాడికి నాలుగు కేసులుంటే పట్టించుకుంటాను.

లారీ నంబరు చెప్పే కథ

ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే దొరికే సమాచారంలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది. పరివాహన్ వెబ్‌సైట్‌లో నో యువర్ వెహికల్ డీటెయిల్స్ అనే పేజీ ఉంటుంది, ఫోన్లో అయితే ఎంపరివాహన్ యాప్. మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి బండి నంబరు కొట్టాలి. యాప్‌ను ప్లే స్టోర్ నుంచే దించుకోండి. చలాన్ పడిందంటూ వాట్సాప్‌లో అదే పేరుతో వచ్చే ఫైలును నొక్కి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

తెలంగాణ బండ్ల విషయంలో ఒక చిక్కు. మన రవాణా శాఖ ఏళ్ల తరబడి దేశమంతా వాడే వాహన్‌లో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్ నడిపింది. అందుకే కొన్ని బండ్లకు కేంద్ర పోర్టల్లో ఖాళీ వరసలు కనిపించొచ్చు. అప్పుడు రాష్ట్ర రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి, లేదా డిజీలాకర్‌లో ఉన్న ఆర్సీని డ్రైవర్ చేతే తెరిపించి చూడండి.

నంబరును చూసి ఊరు తేల్చేయకండి. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొత్త బండ్లకు జిల్లా కోడ్ తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39తో ఒకే సిరీస్ మొదలుపెట్టారు, కాబట్టి అది శ్రీకాకుళం బండో అనంతపురం బండో నంబరు చెప్పదు. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఎన్ఎల్ నంబరు లారీలు మన రోడ్ల మీద బోలెడు. అవి నాగాలాండ్‌లో రిజిస్టరైనవే కానీ చాలావాటి ఓనర్లు మన పక్క ఊళ్లోనే ఉంటారు. ఆ నంబరు చూసి భయపడాల్సిన పని లేదు. గొడవ వస్తే ఓనర్ అడ్రసు ఎక్కడుందో మాత్రం ముందే అడిగి రాసుకోండి.

ఇప్పుడు స్క్రీన్ మీది వరసలు. ఓనర్ పేరు పూర్తిగా కనిపించదు, మధ్యలో చుక్కలుంటాయి. అయినా మొదటి అక్షరాలు మీకు చెప్పిన పేరుతో కలుస్తున్నాయో లేదో తెలుస్తుంది. ఆర్సీ స్టేటస్ యాక్టివ్ ఉండాలి. బ్లాక్‌లిస్ట్ అనే వరసలో ఏదైనా రాసి ఉంటే అదేంటో తేలేదాకా లోడు వద్దు.

ఫిట్‌నెస్, అంటే ఎఫ్‌సీ. కొత్త లారీకి మొదట రెండేళ్లు. ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఎఫ్‌సీ లేని బండిని చట్టం రిజిస్ట్రేషన్ లేని బండితో సమానంగా చూస్తుంది. ఇక్కడ నేను చూసేది ఈరోజు చెల్లుతుందా అని కాదు, సరుకు దిగే రోజుకు చెల్లుతుందా అని. శుక్రవారం లోడ్ చేసి సోమవారం దిగే బండికి ఆదివారం ఎఫ్‌సీ అయిపోతే అది నా లెక్కలో ఎఫ్‌సీ లేని బండే.

ఇన్సూరెన్స్ వరసలో తేదీ, కంపెనీ పేరు ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు: "బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా, మన సరుకుకు భయం లేదు" అని. ఆ పాలసీ బండికి, దాని కింద పడ్డవాళ్లకు. మీ బస్తాలకు కాదు. సరుకుకు ట్రాన్సిట్ పాలసీ వేరే తీసుకోవాలి. దాన్ని మెరైన్ ఇన్సూరెన్స్ అంటారు, ఓడ ఎక్కకపోయినా పేరు అదే. అలాగని బండి ఇన్సూరెన్స్‌ను వదిలేయొద్దు. దారిలో ఎవరికైనా ఏమైనా అయితే ఇన్సూరెన్స్ లేని బండి స్టేషన్ నుంచి అంత తేలిగ్గా బయటికి రాదు, లోపల మీ సరుకుంటుంది.

పర్మిట్ విషయానికొస్తే, పక్క రాష్ట్రానికి పోవాలంటే నేషనల్ పర్మిట్ ఉండాలి. అది లేకుంటే తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాటితే ఆంధ్ర. ముప్పై కిలోమీటర్ల లోపే అయినా అది వేరే రాష్ట్రమే. నేషనల్ పర్మిట్‌కు వయసు హద్దు ఉంది: రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల బండికి 12 ఏళ్లు, అంతకన్నా ఎక్కువ యాక్సిళ్లున్న బండికి 15 ఏళ్లు. రిజిస్ట్రేషన్ తేదీ చూసి ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. పదమూడేళ్ల ఆరు టైర్ల బండికి నేషనల్ పర్మిట్ ఉందని ఎవరైనా అంటే కాగితం చేతికి తీసుకుని చూడాల్సిందే. పర్మిట్ ఐదేళ్లకున్నా బయటి రాష్ట్రాలకు పోయే ఆథరైజేషన్ ఏటా కట్టుకోవాలి. గడువు దాటేది ఎక్కువగా ఇదే.

ట్యాక్స్, పొల్యూషన్ తేదీలు ఒక చూపు చాలు. ఫైనాన్స్ వరస మీద మాత్రం కాస్త ఆగండి. లారీకి ఫైనాన్స్ ఉండటం మామూలే, అప్పు లేని లారీ అరుదు. కానీ కిస్తీలు కట్టని బండిని ఫైనాన్స్ వాళ్లు దారిలో ఆపి తీసుకుపోయిన సందర్భాలున్నాయి, సరుకుతో సహా. కిస్తీ బాకీ ఉందో లేదో పోర్టల్ చెప్పదు. తెలిసిన లారీ ఓనర్లనే అడగాలి. టీ కొట్టు దగ్గర అన్నీ తెలుస్తాయి.

చలాన్లు, బరువు లెక్క

ఈ-చలాన్లు రెండు చోట్ల చూడాలి. పరివాహన్ వారి ఈ-చలాన్ పోర్టల్లో బండి నంబరుతో పాటు ఛాసిస్ లేదా ఇంజన్ నంబరు చివరి ఐదు అక్షరాలు అడుగుతుంది. ఇవి ఇవ్వడానికి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు నసిగితే అదీ ఒక సమాచారమే. మన రెండు రాష్ట్రాల పోలీసుల ఈ-చలాన్ సైట్లు వేరుగా ఉన్నాయి. అక్కడా చూడండి.

నో పార్కింగ్ చలాన్లు లెక్కలోకి తీసుకోను. సిటీలోకి వచ్చే ఏ లారీకైనా అవి తప్పవు. ఓవర్‌లోడు, ఓవర్‌స్పీడు, సిగ్నల్ జంప్ మళ్లీ మళ్లీ కనిపిస్తే ఆ ఓనర్ పద్ధతే అంత. ఒకే కంపెనీ పంపిన నాలుగైదు బండ్లకు ఇలా చూస్తే కంపెనీ నడత దానంతటదే బయటపడుతుంది. నేను ఎక్సెల్ షీట్‌లో బండి నంబరు, తేదీ, ఎఫ్‌సీ, చలాన్లు అని నాలుగు గడులు పెట్టుకున్నాను. సర్కారు ఇవ్వని మార్కుల కార్డు అదే.

ఓవర్‌లోడు అంటే లారీవాళ్ల తలనొప్పి అనుకోకండి. జరిమానా 20,000 రూపాయలు, దాని మీద అదనంగా ఉన్న ప్రతి టన్నుకూ 2,000. చట్టం బండి నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ కలుపుకుని మాట్లాడుతుంది. "ఇంకో ముప్పై బస్తాలు వేసుకో తమ్ముడూ" అన్నది మనమే కదా.

లెక్క సులువు. ఆర్సీలో రెండు బరువులుంటాయి: లోడుతో కలిపి మొత్తం బరువు, ఖాళీ బండి బరువు. 2018లో యాక్సిల్ బరువులు పెంచాక పది టైర్ల మూడు యాక్సిళ్ల లారీకి మొత్తం బరువు 28.5 టన్నుల దాకా పోవచ్చు. అంతకుముందు 25. కానీ పాత బండి ఆర్సీలో పాత బరువే ఉంటే ఆ ఆర్సీలో ఉన్నదే లెక్క. ఉదాహరణకు మొత్తం 28,500 కిలోలు, ఖాళీ బండి 9,200 అనుకుందాం. మిగిలేది 19,300. అంటే 50 కిలోల బస్తాలు 386. ఇందులోంచే డ్రైవర్, క్లీనర్, డీజిల్, వంట సామాను, పట్టా, తాళ్ల బరువు కూడా పోవాలి. నేను 375 దగ్గర ఆపేస్తాను. మిల్లు కాటా మీద ఖాళీ బండిని ఒకసారి, లోడుతో ఒకసారి తూచి రెండు చీటీలూ ఉంచుకోండి. ఖాళీ బరువు ఆర్సీ కన్నా టన్ను ఎక్కువ తూగిందంటే బాడీ మార్చి కట్టించారన్నమాట.

డ్రైవర్

లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే సారథి పోర్టల్లో స్టేటస్ తెలుస్తుంది. ట్రాన్స్‌పోర్ట్ బండ్లు నడిపే లైసెన్స్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. కారు లైసెన్స్ గడువు, ట్రాన్స్‌పోర్ట్ గడువు రెండు వేర్వేరు తేదీలుగా ఉంటాయి. మీరు చూడాల్సింది రెండోది. గ్యాస్, యాసిడ్, పెట్రోలు లాంటివి అయితే లైసెన్స్ మీద ప్రమాదకర సరుకుల ఎండార్స్‌మెంట్ (విడిగా ఇచ్చే అనుమతి) ఉండాలి.

కాగితం చెప్పని విషయం నిద్ర. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటల పనే అని చెప్పింది. లారీ మీద ఆ లెక్క ఎవరూ చూడరు. నేను మాత్రం డ్రైవర్‌ను కూర్చోబెట్టి టీ ఇప్పించి అడుగుతాను: "అన్నా, నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు?" రాత్రంతా నడిపి పొద్దున వచ్చాడని తెలిస్తే లోడింగ్ మెల్లగా సాయంత్రం దాకా చేయిస్తాం. పడుకోమని చెప్తే పడుకోడు. లోడు ఆలస్యమైతే తప్పక పడుకుంటాడు.

గేటు దగ్గర

ఇక్కడిదాకా చూసింది స్క్రీన్ మీది బండి. వచ్చింది అదే బండా? నంబరు ప్లేటు పసుపు మీద నలుపు ఉండాలి. 2019 ఏప్రిల్ తర్వాతి బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు ఉంటుంది. మేకులు పీకి మళ్లీ కొట్టినట్టుంటే చూడండి. ఛాసిస్ నంబరు చివరి ఐదు అంకెలు బండి మీద ఉన్నవీ ఆర్సీలో ఉన్నవీ కలవాలి. మా దగ్గర ఒకసారి ఓనర్ పంపిన ఆర్సీ ఫొటో ఒక బండిది, వచ్చింది దాని అన్న బండి. రెండూ ఒకే రంగు, ఒకే దేవుడి పేరు అద్దం మీద. నంబరులో చివరి అంకె ఒక్కటే తేడా. మోసం కాదట, మొదటి బండి పంక్చరైందట. సరే, రెండోదానికి మళ్లీ మొదటినుంచీ చెక్ చేశాకే తలుపు తీశాం.

టైర్లు, వెనక లైట్లు, రిఫ్లెక్టర్ టేపు, పట్టా చిరుగులు చూడండి. ఎఫ్‌సీ నిన్ననే వచ్చిన బండికి కూడా అరిగిన టైర్లు ఉండొచ్చు, ఎఫ్‌సీకి పోయేటప్పుడు టైర్లు అప్పు తెచ్చి వేసుకునేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ముందు, వెనక, ఛాసిస్ నంబరు, డ్రైవర్ లైసెన్స్, మొత్తం నాలుగు ఫొటోలు తీసి ఆ లోడు పేరుతో దాచుకోండి.

బండి కదిలాక

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు తప్పదని తెలిసిందే. అందులో పార్ట్ బీలో బండి నంబరు ఉంటుంది. దారిలో సరుకు వేరే లారీలోకి మారిస్తే అక్కడ నంబరు మార్చాలి. అంటే సాయంత్రం ఒకసారి ఈ-వే బిల్లు తెరిచి చూస్తే మీ సరుకు ఏ బండిలో ఉండాలో కనిపిస్తుంది. నంబరు మారిందంటే కొత్త బండికి మళ్లీ వాహన్ చూడాలి. సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లు గడువు ఉంటుంది.

ఏదైనా జరిగితే తేదీలు మీ చేతిలో ఉండాలి. క్యారేజ్ బై రోడ్ చట్టం కింద దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్లో తిట్టుకోవడం నోటీసు కింద రాదు. ఇంకో మాట, పరిహారం మామూలుగా కిరాయికి పది రెట్లకు మించదు. 30,000 కిరాయికి మూడు లక్షలన్నమాట. లోడు ఎనిమిది లక్షలదైతే మిగతా ఐదు లక్షలు మీవే. అంతకు మించి కావాలంటే బుకింగ్ అప్పుడే సరుకు విలువ రాసి, ఎక్కువ రిస్క్ రేటు కట్టి పంపాలి, లేదంటే ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాలి. మేం పాలసీయే తీసుకుంటున్నాం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

ఉద్యోగం మారి డాలస్ నుంచి న్యూజెర్సీకి ఇల్లు మార్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు. అక్కడ పని ఇంతకన్నా సులువు, ఎందుకంటే అక్కడ రికార్డు కంపెనీ పేరు మీదే ఉంటుంది. 2000లో ఏర్పడిన ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ దాన్ని చూస్తుంది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సామాను మోసే కంపెనీకి యూఎస్‌డాట్ నంబరు (అమెరికా రవాణా శాఖ నంబరు) ఉండి తీరాలి. సేఫర్ అనే వెబ్‌సైట్‌లో కంపెనీ స్నాప్‌షాట్ కింద ఆ నంబరు కొడితే ఎన్ని ట్రక్కులు, ఎందరు డ్రైవర్లు, గత 24 నెలల్లో ఎన్ని తనిఖీలు, అందులో ఎన్నిసార్లు బండిని రోడ్డు మీదే ఆపేశారు, దేశ సగటు ఎంత, ఎన్ని ప్రమాదాలు అన్నీ ఒకే పేజీలో వస్తాయి.

ఆ పేజీలో మొదట చూడాల్సింది ఎంటిటీ టైప్. క్యారియర్ అంటే లారీలున్నవాడు, బ్రోకర్ అంటే మన సప్లై ఆఫీసే. ఫోన్లో తియ్యగా మాట్లాడేది చాలాసార్లు బ్రోకరే. ఆపరేటింగ్ స్టేటస్‌లో ఇంటి సామాను మోయడానికి అనుమతి విడిగా కనిపించాలి. రెండు ట్రక్కులు, సున్నా తనిఖీలు, నంబరు తీసుకుని ఆరు నెలలు అని ఉంటే, పాత నంబరు మీద ఫిర్యాదులు పెరిగి కొత్త నంబరుతో వచ్చినవాళ్లేమో చూడాలి. అడ్రసు, ఫోను నంబరు గూగుల్లో కొడితే పాత పేరు చాలాసార్లు దొరుకుతుంది. సేఫ్టీ రేటింగ్ ఖాళీగా ఉంటే కంగారు పడొద్దు, చాలా కంపెనీలకు రేటింగ్ ఇచ్చే తనిఖీ జరిగి ఉండదు. కండిషనల్ (భద్రతా పద్ధతుల్లో లోపాలున్నాయి) అని ఉంటే మాత్రం ఇంకొకరిని చూసుకోండి.

విడిగా ఏమీ కట్టకుండా వచ్చే కవరేజీ ఒక వస్తువుకు పౌండుకు 60 సెంట్లు. యాభై పౌండ్ల టీవీ పగిలితే 30 డాలర్లు. పూర్తి విలువ కవరేజీ వద్దని సంతకం పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి. అంచనా నాన్ బైండింగ్ (చివరి ఖర్చు మారొచ్చనే రకం) అయితే సామాను దించేటప్పుడు అంచనా మొత్తానికి 110 శాతం కన్నా ఎక్కువ కట్టమని బలవంతం చేయకూడదు. సామాను లారీలో పెట్టుకుని రెట్టింపు అడిగితే ఫెడరల్ ఫిర్యాదుల డేటాబేస్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఒకే రాష్ట్రంలో ఇల్లు మారితే ఈ రూల్స్ కాదు, ఆ రాష్ట్రం రూల్స్ వర్తిస్తాయి.

లోడింగ్ రోజున ట్రక్కు డోరు మీద రాసిన యూఎస్‌డాట్ నంబరును మీ కాగితం మీది నంబరుతో కలిపి చూడండి. డోరు మీద ఏమీ లేకుండా అద్దె ట్రక్కు వచ్చినా, నంబరు వేరేగా ఉన్నా, మొదటి డబ్బా బయటికి వెళ్లకముందే తలుపు మూసేయండి.